ఎనిమిది పళ్ళ ఆనందం

నడిపిలంక ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ముప్ఫయి నలుగురు, టీచరు ఒక్కతే. ఆ ఒక్క టీచరు పేరు మంగతాయారు. ఆవిడ ఫోనులో ప్రభుత్వం వారి యాప్‌లు తొమ్మిది ఉన్నాయి. పొద్దున్నే బడి తాళం తియ్యగానే ఒక యాప్‌కు తన మొహం చూపించాలి. తరువాత పిల్లల హాజరు ఇంకోదానికి, మరుగుదొడ్డి ఫోటో వేరొకదానికి, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఫోటో మరొకదానికి. ఒకసారి ఏమరుపాటున మరుగుదొడ్డి ఫోటో గుడ్ల యాప్‌లోకి వెళ్ళిపోతే, 'పరిమాణం, నాణ్యత సంతృప్తికరం' అని జవాబు వచ్చింది. అప్పటినుంచి ఆవిడకు యాప్‌ల మీద గౌరవం తగ్గింది గాని భయం తగ్గలేదు.

పదో యాప్ గురించిన ఉత్తర్వు ఆగస్టు మొదటి వారంలో, ప్రార్థన జరుగుతుండగా వాట్సాప్ గ్రూపులో పడింది. 'బాలల మనోవికాస ముందస్తు పరిరక్షణ మిషన్' అని దానికి పేరు. అంత పేరు పలకలేక గుమాస్తాల దగ్గర్నుంచి అధికారుల దాకా అందరూ 'ముందస్తు' అనడం మొదలుపెట్టారు. చిన్నతనంలో మనసుకు తగిలిన దెబ్బను చిన్నతనంలోనే కనిపెట్టి మందు వేస్తే, పెద్దయ్యాక అది పుండై సలపదని ఉత్తర్వు సారాంశం. ఈ ముక్క మంగతాయారు పందొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉంది. వినే నాథుడు లేక ఊరుకుంది. ఇన్నాళ్ళకు ప్రభుత్వమే ఆ మాట అనేసరికి ఆవిడ ఉత్తర్వును రెండుసార్లు చదువుకుని, కళ్ళజోడు తుడుచుకుని, రెండో తరగతి వరసలో మూడో పిల్ల వైపు చూసింది.

ఆ పిల్ల పేరు కెజియా. ఏడేళ్ళు దాటాయి. తండ్రి పోయి రెండేళ్ళయింది. తల్లి శాంతకుమారి జూన్‌లో కువైట్ వెళ్ళింది, ఎవరింట్లోనో వంటపనికి. పిల్ల పెద్దమ్మ సువార్తమ్మ దగ్గర ఉంటోంది. కెజియా ఏడవదు, అల్లరి చెయ్యదు, అడిగినదానికి బుద్ధిగా జవాబు చెబుతుంది. కాని కూర్చున్నచోట కూర్చుని ఎడమ చెవి వెనక జుట్టును ఒక్కొక్క వెంట్రుకే పీక్కుంటుంది. జూలైలో అక్కడ శనగగింజంత చోటు ఖాళీ అయింది. ఆగస్టుకు అది నిమ్మకాయ చెక్కంత అయింది. మధ్యాహ్నం గుడ్డు కూడా పక్కపిల్ల కంచంలో వేసేస్తోంది. ఆ బోసిచోటు కంటబడినప్పుడల్లా మంగతాయారు దగ్గరకు వెళ్ళి పిల్ల చేతిని మెల్లగా కిందికి దించేది.

పట్నం ఆసుపత్రికి గురువారం గురువారం పిల్లల మనసు డాక్టరు ఒకాయన వస్తాడు. ఇంకా కుర్రాడే గాని ఓపికమంతుడని పేరు. వచ్చే గురువారం కెజియాను తీసుకువెళ్ళాలని మంగతాయారు అప్పటికే సువార్తమ్మను ఒప్పించి పెట్టుకుంది. ఇంతలో ఈ ఉత్తర్వు. అందులో చివరి పేరా ప్రకారం, సదరు వైద్యుని సేవలు ఇకమీదట మిషన్ చీటీ ఉన్న బాలలకే పరిమితం. యాప్‌లో వరసగా మూడు రోజులు ఎరుపు వచ్చిన బిడ్డకు చీటీ దానంతటదే పుడుతుంది. మూడు రోజులే కదా, ఆ పిల్లను ఏ యాప్ చూసినా మొదటి రోజే ఎర్రబడుతుందని మంగతాయారు సమాధానపడింది.

మండల కేంద్రంలో ఒక పూట శిక్షణ పెట్టారు. జిల్లా సమన్వయకర్త చిద్విలాస్ గారు స్వయంగా వచ్చారు. లేత నీలం చొక్కా వేసుకుని, చెవికి మైకు తగిలించుకుని, వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ మాట్లాడారు. ఆనందం ఇంతకాలం కేవలం అనుభూతి స్థాయిలో ఉండిపోయిందని, దాన్ని గణాంకాల స్థాయికి ఉద్ధరించే చారిత్రక బాధ్యత టీచర్ల భుజాల మీద ఉందని సెలవిచ్చారు. పద్ధతి చాలా సులువు. రోజూ తొమ్మిదీ పదిహేనుకు ప్రతి బిడ్డ మొహాన్నీ ఫోనులో చూపించాలి. పైవరస పళ్ళు ఎనిమిది కనిపిస్తే ఆకుపచ్చ. ఏడు కనిపిస్తే పసుపు. అంతకన్నా తగ్గితే ఎరుపు. ఎనిమిదే ఎందుకని ఎవరో అడిగితే, అది నిపుణుల సంఘం తేల్చిన సంఖ్య అనీ, తొలుత పది అనుకున్నారు గాని సంఘ సభ్యులకే పది కనిపించలేదనీ చెప్పారు.

మంగతాయారు లేచి, పైకి నవ్వుతూ లోపల కుమిలిపోయే పిల్లల సంగతేమిటని అడిగింది. హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

చిద్విలాస్ గారు ఏమాత్రం తొణకలేదు. "లోపల అనే కాలమ్ ఈ వెర్షన్‌లో లేదు మేడమ్. మీ సూచన నోట్ చేసుకున్నాం" అన్నారు. ఆయన నోట్ చేసుకోలేదు గాని, పక్కనున్న గుమాస్తా మంగతాయారు పేరు, పాఠశాల పేరు మాత్రం రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నడిపిలంకలో ఆనందం కొలత మొదలైంది. మొదటివాడు ఒకటో తరగతి దొరబాబు. వాడి నవ్వు వీధి చివరికి వినబడుతుంది. కాని వాడికి ముందు పళ్ళు నాలుగూ ఊడిపోయి ఉన్నాయి. యాప్ వాడి మొహాన్ని ఒక్క క్షణం పరిశీలించి, ఎర్రగా మెరిసి, 'తీవ్ర విషాదం. ఈ బిడ్డను ఒంటరిగా వదలవద్దు' అంది. ఆ ఫోటో చూసుకుని వాడు పడీపడీ నవ్వి బల్ల మీదనుంచి నిజంగానే పడ్డాడు. పాలపళ్ళు ఊడే ఈడు కావడంతో ఒకటి, రెండు తరగతుల్లో పదకొండుమందికి విషాదం సోకినట్టు తేలింది. ఒకడికైతే ఊడబోయే పన్ను వేలాడుతుంటే, 'పరిస్థితి విషమిస్తోంది' అని వచ్చింది.

కెజియా వంతు వచ్చింది. ఫోను కన్ను తనవైపు తిరిగిందో లేదో, ఆ పిల్ల మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. ఎనిమిది పళ్ళూ మల్లెమొగ్గల్లా కనబడ్డాయి. తోటిపిల్లలందరికీ పళ్ళు ఊడినా ఆ పిల్లకు ఇంకా ఒక్కటీ కదల్లేదు. యాప్ ఆకుపచ్చగా మెరిసి, 'అత్యుత్తమం' అంది. మంగతాయారు ఫోను దించగానే ఆ నవ్వు మొహం మీదనుంచి మొత్తం పోయింది. పిల్ల తన చోటికి వెళ్ళి కూర్చుని చెవి వెనక్కి చెయ్యి పెట్టుకుంది.

మూడు రోజులకు పదకొండు చీటీలు పుట్టాయి. గురువారం వ్యాను వచ్చి విషాదగ్రస్తులందరినీ పట్నం తీసుకువెళ్ళింది. దారిలో బిస్కెట్లు, తిరిగి వచ్చేటప్పుడు అరటిపళ్ళు ఇచ్చారు. డాక్టరు ఒక్కొక్కరి నోరూ చూసి పళ్ళు వస్తాయని చెప్పి పంపాడు. అయినా ఒకసారి చీటీ పుట్టిన బిడ్డ పన్నెండు గురువారాలు ఆయనకు కనబడి తీరాలన్నది నియమం. జిల్లా అంతటినుంచీ బోసినోటి పిల్లలు వ్యానుల్లో దిగుతుంటే ఆయనకు ఊపిరి సలపలేదు. దొరబాబు అక్కకు పళ్ళన్నీ ఉన్నాయి. వ్యాను ఎక్కే భాగ్యం లేదని ఆ పిల్ల పొద్దుగూకేదాకా ఏడ్చింది. కాని ఆ ఏడుపు తొమ్మిదీ పదిహేను దాటాక మొదలైంది కాబట్టి లెక్కలోకి రాలేదు.

నెలాఖరుకు ర్యాంకులు వచ్చాయి. ఆనందంలో వీళ్ళ మండలం జిల్లాలో ఆఖరిది. మండల విద్యాధికారి పేర్రాజు గారు స్వతహాగా నెమ్మదస్తుడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. పైనుంచి అక్షింతలు పడేసరికి ఆయన కూడా కలం పట్టక తప్పలేదు. 'మీ పాఠశాల యందలి బాలబాలికల దంతములు ముందస్తు సమాచారము లేకుండ రాలిపోవుటకు గల కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను' అని అందరికీ మెమో పంపారు. వయసు వల్ల అని మంగతాయారు జవాబు రాసింది. ఎవరి వయసు అని మళ్ళీ మెమో వచ్చింది.

ఈ చిక్కుముడి విప్పింది పక్క ఊరి హెడ్మాస్టరు. కొబ్బరికి కొదవలేని సీమ కదా, ఆయన పచ్చి కొబ్బరిని సన్నగా తరిగి, పళ్ళ ఆకారంలో గాట్లు పెట్టి, పిల్లల పైపెదవి కింద ఇరికించి ఫోటో తీశాడు. బడి మొత్తం ఆకుపచ్చ. చిద్విలాస్ గారు దాన్ని 'ఉత్తమ ఆచరణ'గా ప్రకటించి, జిల్లా అంతటికీ మార్గదర్శకాలు పంపారు. ముదురు కొబ్బరి వాడరాదు. ముక్క మందం రెండు మిల్లీమీటర్లు మించరాదు. ఫోటోకు మునుపు బిడ్డ సదరు ముక్కను తినరాదు, అనంతరం తినవచ్చును. మొదటి వారం పిల్లలు ముందే నమిలేసి మళ్ళీ ఎర్రబడ్డారు. రెండో వారానికి నేర్చుకున్నారు. మండలం మూడో ర్యాంకుకు ఎగబాకింది.

ఈ కొబ్బరి సంబరంలో కెజియా చెవి వెనక చోటు నారింజ చెక్కంత అయింది. మంగతాయారు ఒక సాయంత్రం సువార్తమ్మ ఇంటికి వెళ్ళింది. సువార్తమ్మ కొబ్బరిపీచు పనికి వెళ్ళి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. టీచర్ని చూసి గబగబా కుర్చీ తుడిచి వేసింది. ఫోను చూపిస్తే ఈ పిల్ల అట్లా నవ్వడమేమిటని మంగతాయారు అడిగింది.

"నేనే నేర్పేనండి టీచర్ గారండీ" అంది సువార్తమ్మ. "మా చెల్లి ఆదివారం ఫోను చేస్తదండి, బొమ్మ కనపడేలాగ. మొదటి వారం ఇది గుక్కపట్టి ఏడిసిందండి. అక్కడ మా చెల్లి మూడ్రోజులు ముద్ద ముట్టలేదంట. పని మానేసి వచ్చేస్తానంటదండి. ఒచ్చేత్తే ఎలాగండి? అందుకని, ఫోను కనపడితే నవ్వాలే, లేకపోతే అమ్మకి తెలిసిపోద్దే అని సెప్పేనండి. అప్పట్నించీ బంగారంలాగ నవ్వుతందండి."

చెబుతూ చెబుతూ సువార్తమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది.

మర్నాడు ఫోటోకు ముందు కెజియాను దగ్గరకు తీసుకుని, ఇవాళ నవ్వనక్కర్లేదమ్మా, ఎలా ఉంటే అలాగే ఉండు అని చెప్పింది. పిల్ల బుద్ధిగా తల ఊపింది. ఫోను ఎత్తగానే ఎనిమిది పళ్ళూ కనబడ్డాయి. ఇంకోరోజు హాజరుపట్టీ వెనక ఫోను దాచి తియ్యబోయింది. బిడ్డ కెమెరాలోకి సూటిగా చూడాలని యాప్ పేచీపెట్టింది. మూడోరోజు కొంచెం గట్టిగా చెప్పింది.

కెజియా ఆవిడ కొంగు పట్టుకుని మెల్లగా అంది, "మా అమ్మకి తెలిసిపోద్ది టీచర్. అన్నం తినదు."

ఫోను ఎవరిదైనా అది అమ్మకే వెళుతుందని పిల్ల నమ్మకం. మంగతాయారు ఇంక ఆ ప్రయత్నం మానేసింది. కెజియాను యాప్‌తో పనిలేకుండా డాక్టరుకు చూపించడానికి అనుమతి కోరుతూ పేర్రాజు గారికి ఉత్తరం రాసింది. బోసిచోటు కొలత కూడా వేసింది. వారానికి జవాబు వచ్చింది. 'ఆకుపచ్చ నమోదైన బాలికను విషాదగ్రస్తురాలిగా పేర్కొనుట మిషన్ యొక్క ప్రతిష్ఠకు భంగకరము. వెంట్రుకల విషయము ఈ విభాగము పరిధిలోనిది కాదు' అని అందులో ఉంది. మంగతాయారు ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకే వెళ్ళింది. పేర్రాజు గారు తలుపు దగ్గరగా వేయించి, గొంతు తగ్గించారు.

"మంగతాయారు గారండీ, నేనూ మనవల్ని ఎత్తుకున్నవాణ్ణేనండి. మీరు చెప్పింది నేను నమ్మేనండి. కానీ నమ్మింది ఎక్కడ ఎక్కించమంటారు? దానికి బొత్తాం లేదు కదండీ" అన్నారు.

ఆయన బొత్తాం కోసం నిజంగానే వెతికారు. ఆవిడ ఎదుటే యాప్ తెరిచి, పై నుంచి కిందకి, కింద నుంచి పైకి రెండుసార్లు జరిపి చూశారు. చివరికి టీ తెప్పించి పంపేశారు.

నవంబరులో జిల్లాలోని పిల్లలందరి ఆనందాన్నీ కూడి, హెచ్చవేసి, భాగించి చూస్తే, వరసగా అరవై బడి రోజులు ఒక్క మరక లేని ఆకుపచ్చ ఒక్కరికే తేలింది. నడిపిలంక పాఠశాల, రెండో తరగతి, కెజియా. బాలల దినోత్సవం నాడు ఆ పిల్లను జిల్లా 'ఆనంద రాయబారి'గా ప్రకటించారు. కల్యాణ మండపం అద్దెకు తీసుకుని, గుమ్మంలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. అందులో కెజియా చేతులు చాపి నవ్వుతోంది, వెనక ఇంద్రధనుస్సు. బోసిచోటు కనబడకుండా సువార్తమ్మ రెండు మూరల కనకాంబరాలు ఎడమ చెవి వెనక దట్టంగా పెట్టింది.

సభలో చిద్విలాస్ గారు అరగంట మాట్లాడారు. ముందస్తుగా గుర్తించడం వల్ల ఎన్ని విషాదాలు ఆకుపచ్చగా మారాయో తెర మీద గీతలు చూపించారు. ఆ తరువాత కెజియాను స్టూలు మీద నిలబెట్టి, మైకు మూతి దగ్గర పెట్టి, నీ ఆనంద రహస్యమేమిటో అందరికీ చెప్పమన్నారు. మంగతాయారు కుర్చీ అంచుకు జరిగింది. ఇప్పుడైనా తెలుస్తుందనుకుంది.

"ఫోను కనపడితే నవ్వాలండి. లేకపోతే మా అమ్మకి తెలిసిపోద్దండి" అంది కెజియా, నవ్వుతూనే. ఎదురుగా వందల ఫోన్లు లేచి ఉన్నాయి మరి.

పేర్రాజు గారు కండువా సర్దుకున్నారు. చిద్విలాస్ గారు మైకు వెనక్కి తీసుకుని, ఇంత లేత వయసులో ఇంతటి భావోద్వేగ నిర్వహణా సామర్థ్యం తాను సీనియర్ అధికారుల్లో కూడా చూడలేదన్నారు. చప్పట్లు మారుమోగాయి. అక్కడికక్కడే 'కెజియా పద్ధతి'ని జిల్లా అంతటా అమలు చేస్తున్నట్టు ప్రకటించారు. సోమవారం సోమవారం ఆ పిల్లను వ్యానులో బడిబడికీ తిప్పి, తోటిపిల్లలకు నవ్వడం నేర్పించాలని తీర్మానించారు. కెజియాకు ఒక పతకం, ఒక టోపీ ఇచ్చారు. టోపీ వల్ల బోసిచోటు ఇంకా బాగా కప్పబడిపోయింది.

రెండు సోమవారాలు కెజియా నవ్వు నేర్పింది. ఎదురుగా పిల్లలను కూర్చోబెట్టి ఫోను ఎత్తుతారు. ఆ పిల్ల నవ్వుతుంది. దించుతారు, ఆపుతుంది. సమన్వయకర్త మనుషులు దాన్ని వీడియో తీసుకున్నారు. రెండో సోమవారం తిరిగి వచ్చాక పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. మంగతాయారు టోపీ తీసి చూసింది. బోసిచోటు చెవి పైదాకా పాకింది. ఆవిడ ఆ రోజు పాఠం ఆపేసి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఊరికే వీపు నిమిరింది.

ఆ నిమరడంలోనే, కెజియా నాలుకతో ఏదో ఆడిస్తోందని ఆవిడ కనిపెట్టింది. నోరు తెరవమంది. పైవరస ముందు పళ్ళు రెండూ కదులుతున్నాయి.

పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఏ పిల్ల పన్ను ఊడాలనీ మంగతాయారు దేవుణ్ణి కోరుకోలేదు. ఇప్పుడు కోరుకుంది. సిగ్గుపడుతూ కోరుకుంది. రోజూ పొద్దున్నే నోరు తెరిపించి చూసేది. జామకాయలు తెచ్చి ఇచ్చేది. శుక్రవారం మొదటి పన్ను ఊడింది. యాప్ ఏడు లెక్కపెట్టి పసుపు వేసింది. జిల్లా ఆఫీసులో కలవరం మొదలై, 'రాయబారి ఆనందస్థాయి యందు స్వల్ప క్షీణత' అని మూడు ఫోన్లు వచ్చాయి. ఆదివారం రెండోది ఊడింది. సోమవారం పొద్దున్న ఫోను ఎత్తగానే కెజియా ఎప్పటిలాగే నోరారా నవ్వింది. నడుమ పెద్ద సందు. ఆరు పళ్ళు. 'తీవ్ర విషాదం' అంది యాప్. నాలుగు నెలల్లో అది చెప్పిన నిజం అదొక్కటే.

ఇంకో రెండు రోజులు ఎరుపు నిలబడితే చీటీ పుడుతుంది. ఆ సోమవారం కెజియా నవ్వు పాఠం రద్దయింది. మంగళవారం తొమ్మిది కాకుండానే పేర్రాజు గారు బండి మీద దిగారు. చేతిలో స్టీలు డబ్బా, అందులో లేత కొబ్బరి ముక్కలు. మార్గదర్శకాల ప్రకారం ఆఫీసు ప్యూన్ స్కేలు పెట్టి కోశాడు. రాయబారి రెండోరోజు కూడా ఎర్రబడితే తన పింఛను కాగితాలు ఎవరూ ముట్టరని ఆయన మొహంలోనే కనబడుతోంది. మంగతాయారు అడ్డు చెప్పలేదు. ఫోటో తాను తీస్తానని, ముక్క మాత్రం తన చేత్తో పెట్టలేనని, ఆయన్నే పెట్టమని అంది.

పేర్రాజు గారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముక్క పెదవి కింద దూర్చడానికి పిల్ల తల పక్కకు వంచారు. టోపీ జారి కింద పడింది.

ఆయన అంతకు మునుపు ఆ బోసిచోటు కొలతను కాగితం మీద చూశారు. ఇప్పుడు జానెడు దూరంలో చూశారు. ఎర్రగా కందిన చర్మం, దాని అంచున కొత్తగా పీకిన గుర్తులు. చేతిలో ముక్క పట్టుకుని ఆయన అలాగే ఉండిపోయారు. కెజియా బుద్ధిగా నోరు తెరుచుకునే ఉంది.

"తినెయ్యమ్మా" అన్నారు చివరికి. "నీకేనమ్మా. తినెయ్యి."

పిల్ల టీచరు వైపు చూసి, ఆవిడ తలూపాక, మెల్లగా నమిలింది. ఇంకో ముక్క ఇస్తే అదీ తిన్నది. డబ్బా ఖాళీ అయ్యాక మంగతాయారు ఫోటో తీసింది. ఎరుపు. పేర్రాజు గారు అక్కడే గోడవారగా కూర్చుని, పై అధికారులకు నివేదిక రాశారు. 'ఈ ప్రాంతమునందు కొబ్బరి లభ్యము కానందున తగు చర్య తీసుకొనలేకపోయినాము' అని. కోనసీమ నుంచి ఇటువంటి నివేదిక వెళ్ళడం బహుశా అదే మొదటిసారి. దాని మీద ఎవరూ ప్రశ్న వెయ్యలేదు.

బుధవారం చిద్విలాస్ గారే ఫోను చేశారు. బిడ్డను గైర్హాజరు వేసెయ్యమన్నారు. గైర్హాజరైన రోజున విషాదం ఉండదనీ, వరస తెగిపోతుందనీ, ఇది అందరి గౌరవానికీ సంబంధించిన విషయమనీ చాలా సౌమ్యంగా వివరించారు. పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది సార్ అంది మంగతాయారు. ఎదురుగా ఉండటం, హాజరుగా ఉండటం రెండూ ఒకటి కావని ఆయన అన్నారు. ఆవిడ సరేనని పెట్టేసి, ఫోటో తీసి పంపించింది. మధ్యాహ్నానికి ఆవిడ మీద విచారణకు ఉత్తర్వు వచ్చింది. సాయంత్రానికి చీటీ పుట్టింది.

గురువారం మంగతాయారు సెలవు పెట్టి, కెజియాను తీసుకుని వ్యాను ఎక్కింది. ఆసుపత్రి వరండాలో యాభైమంది దాకా పిల్లలు బెంచీల మీద బోసినోళ్ళతో కేరింతలు కొడుతున్నారు. పండగ సెలవులూ నాగాలూ పోను దొరబాబుకు అది పన్నెండో గురువారం. వాడికి కొత్త పళ్ళు సగం దాకా వచ్చేశాయి. వీళ్ళ వంతు వచ్చేసరికి పదకొండు దాటింది.

డాక్టరు తల ఎత్తలేదు. నోరు తెరువమ్మా అన్నాడు. కెజియా తెరిచింది. "పళ్ళు వచ్చేస్తాయి, ఏం భయం లేదు. తరువాతి వాళ్ళని పంపండి" అంటూ చీటీ మీద గీత గీశాడు. నాలుగు నెలలుగా ఆ మాటే చెప్పి చెప్పి అతని గొంతు అరిగిపోయినట్టుంది.

మంగతాయారు కుర్చీలోంచి లేవలేదు. కెజియా టోపీ తీసి, తల అతనివైపు తిప్పింది.

డాక్టరు కలం మూత పెట్టాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు. "ఈ పిల్ల మొదటి వారమే రావాల్సింది కదండీ" అన్నాడు. అతని గొంతులో కోపం ఉంది, సిగ్గు కూడా ఉంది. అవునండి అంది మంగతాయారు.

అతను కెజియాను పలకరించాడు. పిల్ల నవ్వింది. ఏం అడిగినా సందుపళ్ళతో నవ్వుతూనే ఉంది. ఎందుకు నవ్వుతోందో ముందు అతనికి అర్థం కాలేదు. తరువాత పిల్ల చూపు వెంట చూశాడు. బల్ల అంచున మిషన్ వాళ్ళ ఫోను నిలబెట్టి ఉంది, రోగుల మొహాలు నమోదు చెయ్యడానికి. అతను దాన్ని తీసి సొరుగులో పెట్టి సొరుగు మూసేశాడు. తన ఫోను కూడా తీసి అందులోనే పడేశాడు. మంగతాయారు తన ఫోను సంచీలోంచి తీసి ఇచ్చింది, దాన్నీ పెట్టేశాడు.

కెజియా సొరుగు వైపు చూసింది. గోడల వైపు చూసింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గాని, పెదవులు వణుకుతున్నాయి.

"ఇంక మా అమ్మకి కనపడదాండీ?" అంది.

"కనపడదమ్మా" అన్నాడు డాక్టరు.

పిల్ల టీచరు మొహంలోకి చూసింది. ఆవిడ తలూపింది. అప్పుడు కెజియా ఏడ్చింది. జూన్ నుంచీ దాచుకున్న ఏడుపు. మంగతాయారు ఒళ్ళో తల పెట్టుకుని, అమ్మా అమ్మా అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు విని వరండాలో బోసినోటి పిల్లల కేకలు ఆగిపోయాయి. మంగతాయారు పిల్ల వీపు మీద చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి కూర్చుంది.

నమోదు గుమాస్తా తలుపు తోసుకుని వచ్చాడు. పదిహేను నిమిషాల నుంచి ఈ గదిలోంచి ఒక్క మొహం కూడా ఎక్కలేదనీ, పైనుంచి అడుగుతున్నారనీ, ఈ బాలిక రాయబారి కాబట్టి ముందు ఆ పిల్ల ఫోటో కావాలనీ చెప్పాడు. పిల్లను చూసి ఒక నిమిషం తటపటాయించి, ఇప్పుడు తీస్తే మళ్ళీ ఎరుపే వస్తుందండీ, కొంచెం ఊరుకోబెట్టండి అన్నాడు.

డాక్టరు లేచి వెళ్ళి, అతన్ని బయటికి పంపి, తలుపు గడియ పెట్టాడు. వెనక్కి వచ్చి కెజియా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఊరుకోకమ్మా" అన్నాడు. "ఎంతసేపైనా పరవాలేదు."